పాత స్టీరియోకు కంప్యూటరును కలిపిన నా అనుభవం

కంప్యూటర్లో దాచుకున్న సంగీతాన్ని దాని పక్కనే పెట్టుకునే చిన్న ప్లాస్టిక్ స్పీకర్లలో వినడం ఇప్పుడు చాలా ఇళ్లలో మామూలు విషయం. ఆ స్పీకర్లలో సాహిత్యం తెలుస్తుంది, రాగం తెలుస్తుంది, కాని మృదంగం ఎడమ వైపు నుంచి వచ్చే బరువైన నాదం గాని, తంబుర తీగను మీటిన తర్వాత విచ్చుకుంటూ పోయే కింది స్థాయి గాని వినిపించవు, ఎందుకంటే రెండు మూడు అంగుళాల స్పీకరు అందుకు కావలసినంత గాలిని కదిలించలేదు. తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటి హాల్లో, 1980ల చివరలో నాన్నగారు కొన్న స్టీరియో యాంప్లిఫయర్, ఎనిమిది అంగుళాల ఊఫర్లు (మంద్ర ధ్వనిని పలికించే పెద్ద స్పీకర్లు) ఉన్న రెండు చెక్కపెట్టెల స్పీకర్లు ఇప్పటికీ పనిచేసే స్థితిలో ఉన్నాయి. క్యాసెట్ డెక్కు మూలపడిన తర్వాత వాటికి టీవీ సెట్‌టాప్ బాక్సు ఒక్కటే కలిపి ఉండేది. మా అమ్మ చిన్నతనంలో ఇక్కడి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో వీణ నేర్చుకున్న మనిషి. ఆమె రోజూ వినే కచేరీలన్నీ ఇప్పుడు నా డెస్క్‌టాప్ కంప్యూటర్లో ఉన్నాయి. ఆ కంప్యూటరును ఆ యాంప్లిఫయర్‌కు కలపాలని నిర్ణయించుకున్నాను. ఆ పనిలో ఎదురైనవాటిని, వాటి కారణాలతో సహా, ఇలాంటి పాత స్టీరియో ఇంట్లో ఉన్నవారికి ఉపయోగపడతాయన్న ఉద్దేశంతో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా చూడవలసింది యాంప్లిఫయర్ వెనక భాగం. మాదాని వెనక ఫోనో, ఆక్స్ (ఇతర పరికరాల కోసం ఉండేది), టేప్ అనే మూడు చోట్ల సంకేతాన్ని అందుకునే ఏర్పాటు ఉంది. ఖాళీగా ఉంది కదా అని ఫోనో సాకెట్లలో కంప్యూటరు వైరు పెట్టకూడదు. అది గ్రామఫోను రికార్డుల ప్లేయరు కోసం ఏర్పరచినది. రికార్డు మీది ముల్లు నుంచి వచ్చే సంకేతం కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే ఉంటుంది. కంప్యూటరు నుంచి వచ్చేది ఒక వోల్టు దాకా, అంటే దాదాపు రెండు వందల రెట్లు ఎక్కువ ఉంటుంది. పైగా రికార్డును కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి తారాన్ని పెంచుతారు, కాబట్టి ఫోనో భాగం దానికి తలకిందులుగా మంద్రాన్ని పెంచి తారాన్ని తగ్గిస్తుంది. 1950ల నుంచి రికార్డు కంపెనీలన్నీ ఒకే కొలత ప్రకారం పాటిస్తూ వచ్చిన పద్ధతి అది. దానిలోకి కంప్యూటరు సంకేతాన్ని పంపితే చీలిపోయిన, బొంగురు ధ్వని తప్ప మరేదీ రాదు. ఆక్స్ సాకెట్లను సెట్‌టాప్ బాక్సు ఆక్రమించుకుని ఉంది, అమ్మ సాయంత్రాలు భక్తి చానెళ్లు వింటుంది కాబట్టి దాన్ని తొలగించే ప్రసక్తి లేదు. ఇక మిగిలింది టేప్.

టేప్ సాకెట్ ఇప్పటివారికి పరిచయం లేని రకం. ఎరుపు తెలుపు రంగుల గుండ్రటి ఆర్‌సీఏ సాకెట్ల జంట బదులు, అయిదు రంధ్రాలు అర్ధచంద్రాకారంలో ఉన్న ఒకే సాకెట్ ఉంటుంది. దీన్ని డిన్ సాకెట్ అంటారు. జర్మన్ ప్రమాణాల సంస్థ పేరులోని మొదటి అక్షరాలే దానికి పేరయ్యాయి. ఒక్క వైరుతోనే రికార్డు చేయడానికీ, వినడానికీ వీలుండటం దాని సదుపాయం. అయిదు పిన్నులలో మధ్యదైన 2వ నంబరు గ్రౌండు, అంటే రెండు చానెళ్లకూ ఉమ్మడిగా ఉండే తిరుగు దారి. 1, 4 నంబర్లు యాంప్లిఫయర్ నుంచి టేప్ రికార్డరుకు వెళ్లే ఎడమ, కుడి సంకేతాలు. 3, 5 నంబర్లు టేప్ నుంచి యాంప్లిఫయర్‌లోకి వచ్చే ఎడమ, కుడి సంకేతాలు. పిన్నులు వరుసగా 1, 2, 3 అని ఉండవు. ఒక కొస నుంచి చూస్తే 1, 4, 2, 5, 3 అనే క్రమంలో ఉంటాయి, అందువల్ల ప్లగ్గు మీద చెక్కి ఉండే చిన్న అంకెలను భూతద్దంతో చూసి గాని వైరు అతకకూడదు. నాకు కావలసినవి 2, 3, 5 మాత్రమే. కంప్యూటరు వైపు ఉండే 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గులో కొన ఎడమ చానెల్, దాని వెనక ఉంగరం కుడి చానెల్, అడుగున ఉండే పొడవైన భాగం గ్రౌండు. కొనను 3కు, ఉంగరాన్ని 5కు, గ్రౌండును 2కు కలిపితే వైరు సిద్ధమవుతుంది.

ఆ డిన్ ప్లగ్గు గాంధీ రోడ్డు చుట్టుపక్కల దుకాణాలలో నాకు దొరకలేదు. ఎలక్ట్రానిక్స్ విడిభాగాల విషయంలో మా జిల్లా వారికి చెన్నై రిచీ స్ట్రీటే పెద్ద దిక్కు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో తరచుగా చెన్నై వెళ్లివచ్చే మిత్రుడొకరు అక్కడి నుంచి ప్లగ్గునూ, అల్లిక కవచమున్న మంచి వైరునూ తెచ్చిపెట్టారు. టంకం వేసే పనిని, నాన్నగారి కాలం నుంచి మా రేడియోలు బాగుచేస్తున్న మెకానిక్కు అప్పగించాను. ఆయన అదే సమయంలో యాంప్లిఫయర్ మూత తెరిచి, లోపలి దుమ్మును బ్రష్షుతో తీసి, వాల్యూమ్ నాబ్ తిప్పినప్పుడు వచ్చే గరగర పోయేలా కాంటాక్ట్ క్లీనర్ కొట్టారు. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది కాబట్టి, ఆ పనిని తెలిసినవారికే వదలాలని నా అభిప్రాయం.

వైరు కలిపి మొదటి కచేరీ పెట్టినప్పుడు గాత్రం నిండుగా, మనిషి ఎదురుగా కూర్చున్నంత దగ్గరగా వినిపించింది. అయితే పాట మొదలు కాకముందే, తంబుర ఒక్కటే మోగుతున్న ఆ కొద్ది క్షణాల్లో, దాని అడుగున సన్నని గుమ్మనే శబ్దం ఒకటి ఉంది. నేను దాన్ని పెద్దగా పట్టించుకునేవాణ్ని కాదేమో గాని, అమ్మ వంటింట్లో నుంచే, "వెనకాల ఇంకేదో మోగతా ఉంది రా, శ్రుతిలో కలవడం లేదు" అంది. ఆమె మాట ఎంత కచ్చితమైనదో తర్వాత లెక్క వేసి చూసినప్పుడు తెలిసింది. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు, అంటే 50 హెర్ట్జ్, చొప్పున అటూ ఇటూ దిశ మారుతూ ఉంటుంది. దాని నుంచి సంగీత పరికరాల్లోకి చొరబడే గుమ్మనే శబ్దం 50 హెర్ట్జ్ వద్ద, దాని గుణిజాలైన 100, 150 హెర్ట్జ్ వద్ద ఉంటుంది. ఆ రోజు పెట్టిన కచేరీ ఒక గాయనిది, శ్రుతి ఐదు. ఐదు శ్రుతికి మధ్య స్థాయి షడ్జం సుమారు 196 హెర్ట్జ్, దాని మంద్ర షడ్జం 98. అంటే తంబుర మంద్ర షడ్జానికి రెండు హెర్ట్జ్ దూరంలో కరెంటు తన 100 హెర్ట్జ్ స్వరాన్ని నిరంతరం మోగిస్తోంది. దగ్గర దగ్గరగా ఉన్న రెండు స్వరాలు కలిసి మోగినప్పుడు సెకనుకు రెండుసార్లు పెరుగుతూ తరుగుతూ ఉండే అల పుడుతుంది. శ్రుతి శుద్ధంగా ఉండటమే ప్రాణమైన మన సంగీతానికి ఇంతకంటే పెద్ద అపకారం ఉండదు. డ్రమ్ములు, గిటార్లు నిండిన పాటలో ఈ శబ్దం మరుగున పడిపోతుంది. కర్ణాటక సంగీతంలో మరుగు పడదు. కాబట్టి నా పని ఇక్కడి నుంచి ఈ గుమ్మనే శబ్దాన్ని తొలగించడమే అయింది, మిగిలినవన్నీ దాని తర్వాతే.

గుమ్మనే శబ్దానికి తోడు మరొకటి కూడా ఉంది. మౌస్ కదిపినప్పుడు, తెర మీది పేజీని పైకీ కిందికీ జరిపినప్పుడు సన్నగా కీచుమనే శబ్దం స్పీకర్లలో వినిపించేది. కంప్యూటరు ముందు భాగంలో హెడ్‌ఫోను కోసం ఉండే రంధ్రం నుంచి తీసి, వెనక మదర్‌బోర్డు మీద ఉండే ఆకుపచ్చ రంగు సాకెట్లో పెడితే ఇది చాలా తగ్గింది. ముందున్న రంధ్రానికి వెళ్లే సన్నని తీగ పెట్టె లోపల విద్యుత్ తీగల పక్కనుంచే సాగుతుంది, వెనక సాకెట్ బోర్డుకే అతికి ఉంటుంది. తేడాకు కారణం అదే. కాని గుమ్మనే శబ్దంలో మార్పేమీ లేదు.

మెకానిక్ ఇంటికి వచ్చి చూశారు. ఆయన చేసిన మొదటి పరీక్ష చాలా సులభమైనది: వాల్యూమును పూర్తిగా సున్నాకు తెచ్చారు, గుమ్మనే శబ్దం పోయింది, పెంచారు, దానితో పాటే పెరిగింది. యాంప్లిఫయర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటే వాల్యూము సున్నాలో ఉన్నప్పుడు కూడా శబ్దం వినిపిస్తుంది. "యాంపులో ఏం లేదు సామీ, ఎర్తింగులో ఉండాది గొడవ" అని ఆయన తేల్చారు. తర్వాత ఒక్కొక్క వైరునే తీసి చూశాం. కంప్యూటరు వైరు తీస్తే నిశ్శబ్దం. దాన్ని తిరిగి పెట్టి, సెట్‌టాప్ బాక్సులోకి వచ్చే కేబుల్ టీవీ తీగను మరలు విప్పి తీస్తే, అప్పుడూ నిశ్శబ్దమే. రెండూ ఉన్నప్పుడే గుమ్మంటోంది. దీనితో కారణం బయటపడింది.

కంప్యూటరు మూడు పిన్నుల ప్లగ్గు ద్వారా మా ఇంటి ఎర్తుకు, అంటే పెరట్లో బొగ్గు, ఉప్పు వేసి పాతిన గుంతకు కలిసి ఉంటుంది. కేబుల్ టీవీ తీగ పైకవచం వీధి స్తంభాల మీదుగా వచ్చి మరెక్కడో భూమికి కలిసి ఉంటుంది. రెండు చోట్లా భూమి ఒకటే అయినా విద్యుత్ మట్టం ఒకటి కాదు, మధ్యలో ఎప్పుడూ కొద్దిపాటి వోల్టేజి తేడా ఉంటుంది. నీటిమట్టం వేరువేరుగా ఉన్న రెండు బావులను ఒక గొట్టంతో కలిపితే నీరు పారినట్టే, ఈ రెండు ఎర్తులనూ నా సంగీతపు వైరు కలిపేసరికి దాని కవచం గుండా 50 హెర్ట్జ్ విద్యుత్తు పారడం మొదలయింది. కవచానికి ఉండే స్వల్ప నిరోధం మీద ఏర్పడిన వోల్టేజి సంగీత సంకేతానికి కలిసిపోయి, యాంప్లిఫయర్ దాన్ని కూడా పాటగానే భావించి పెంచి ఇచ్చింది. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. వేసవిలో ఎర్తు గుంత ఎండిపోయినప్పుడు శబ్దం ఎక్కువవుతుందని మెకానిక్ చెప్పారు. గుంతలో నీళ్లు పోయించి చూశాను, కొంత తగ్గిందే గాని పోలేదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. కంప్యూటరు ప్లగ్గులోని పెద్ద ఎర్తు పిన్నును విరిచేస్తే, లేదా రెండు పిన్నుల అడాప్టరు ద్వారా పెడితే గుమ్మనే శబ్దం పోతుందని సలహా ఇచ్చేవారు ఊరంతా ఉన్నారు. శబ్దం పోతుందన్న మాట నిజమే. కాని అప్పుడు కంప్యూటరు ఇనుప పెట్టె ముట్టుకుంటే జిల్లుమంటుంది. విద్యుత్ సరఫరా భాగంలో ఏదైనా లోపం వచ్చిన రోజున 230 వోల్టులు ఆ పెట్టె మీదికీ, దానికి కలిపిన వైరు ద్వారా యాంప్లిఫయర్ మీదికీ వస్తాయి. ఎర్తు పిన్ను ప్రాణరక్షణ కోసం ఉన్నది. సంగీతం కోసం దాన్ని తీసేయమని చెప్పే మనిషి మాట వినకూడదు.

లూపును తెంచడానికి సురక్షితమైన మార్గాలు మూడు కనిపించాయి. కేబుల్ టీవీ తీగలో ఐసొలేటర్ పెట్టడం ఒకటి, సంగీతపు వైరు మధ్యలో చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ల జంటను పెట్టడం మరొకటి. చవకరకం ట్రాన్స్‌ఫార్మర్లు మంద్ర స్థాయిని తినేస్తాయి, మంచివి ఖరీదైనవి. మూడోది ఆప్టికల్ కేబుల్, నేను దాన్నే ఎంచుకున్నాను. నా కంప్యూటరు మదర్‌బోర్డు వెనక, ఎన్నడూ వాడకుండా దుమ్ముమూతతో అలాగే ఉన్న చదరపు రంధ్రం ఒకటుంది, దాని లోపల ఎర్రని కాంతి వెలుగుతూ ఉంటుంది. అది ఆప్టికల్ అవుట్‌పుట్. తోషిబా సంస్థ 1983లో సీడీ ప్లేయర్ల కోసం రూపొందించిన ఈ ఏర్పాటులో సంగీతపు అంకెలు కాంతి మినుకులుగా మారి ప్లాస్టిక్ తంతువు గుండా ప్రయాణం చేస్తాయి. కాంతి వెళ్లే దారిలో లోహం లేదు, కాబట్టి ఎర్తు వెంట వచ్చే విద్యుత్తు దాటలేదు. ఆవల ఒక డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్, అందరూ డాక్ అనే చిన్న పెట్టె, ఆ అంకెలను మళ్లీ సంగీత సంకేతంగా మారుస్తుంది. మూడు వేల రూపాయల లోపే దొరికిన ఆ పెట్టెకు రెండు పిన్నుల విడి అడాప్టరు నుంచి విద్యుత్తు ఇచ్చాను.

యూఎస్‌బీ ద్వారా కలిపే డాక్‌లకు ప్రచారం ఎక్కువ, వాటిలో ఉత్తమమైనవి ఉన్నాయనడంలో సందేహం లేదు. కాని నా సమస్యకు అది మందు కాదు. యూఎస్‌బీ తీగలో కంప్యూటరు గ్రౌండు కూడా ఉంటుంది, అది డాక్ గుండా యాంప్లిఫయర్‌కు చేరి, లూపును యథాతథంగా ఉంచుతుంది. ఎంతో ఖర్చుపెట్టి యూఎస్‌బీ డాక్ కొన్న తర్వాత కూడా గుమ్మనే శబ్దం పోలేదని బాధపడేవారిలో చాలామందికి కారణం ఇదే అయి ఉంటుంది. బ్లూటూత్ అయినా లూపును తెంచుతుంది గాని, అందులో సంగీతాన్ని కుదించి పంపుతారు. తీగ వేయడానికి వీలున్న చోట దాన్ని వాడవలసిన అవసరం నాకు కనిపించలేదు.

ఆప్టికల్ కేబుల్ పెట్టగానే గుమ్మనే శబ్దం, కీచుమనే శబ్దం రెండూ ఒకేసారి పోయాయి. కాని కొత్త చిక్కు ఒకటి వచ్చింది. డాక్ గరిష్ఠంగా 2 వోల్టుల సంకేతం ఇస్తుంది, సీడీ ప్లేయర్లకు అదే పరిపాటి. మా యాంప్లిఫయర్ టేప్ సాకెట్ మాత్రం కొన్ని వందల మిల్లీవోల్టులనే ఆశిస్తుంది. అందువల్ల వాల్యూమ్ నాబ్‌ను కొద్దిగా కదిపితే చాలు, ఇల్లంతా మోగేది. నాబ్ తిరుగుడు మొదట్లో ఎడమ కుడి చానెళ్లు సమానంగా ఉండవు, పాత నాబ్‌లలో ఇది సహజం. ఆ కారణంగా తక్కువ ధ్వనిలో గాత్రం ఒక పక్కకు ఒరిగిపోయి వినిపించేది. దీనికి పరిష్కారం కొద్ది రూపాయల విలువైన నాలుగు రెసిస్టర్లు. ఒక్కొక్క చానెల్లో సంకేతం వెళ్లే దారిలోనే వరుసగా 10 కిలో ఓములది ఒకటి, ఆ తర్వాత సంకేతం నుంచి గ్రౌండుకు 2.2 కిలో ఓములది ఒకటి పెట్టించాను. 2 వోల్టులు దాదాపు 0.36 వోల్టులకు, అంటే సుమారు 15 డెసిబెల్స్ (సంకేతం హెచ్చుతగ్గులను కొలిచే ప్రమాణం) మేరకు తగ్గాయి. మెకానిక్ వాటిని చిన్న ఇనుప డబ్బీలో అమర్చి, యాంప్లిఫయర్‌కు దగ్గరగా ఉండేలా వైరులోనే పెట్టారు. ఇప్పుడు నాబ్ సగం దాకా తిప్పి వింటున్నాం, గాత్రం నడుమనే నిలుస్తోంది.

ఇంత చేసిన తర్వాత రాత్రివేళల్లో మాత్రం జుమ్మనే మరో సన్నని శబ్దం అప్పుడప్పుడు వినిపించేది. అది ఫ్యాను తిరుగుతున్నప్పుడే, అదీ తక్కువ వేగంలో ఉన్నప్పుడే వస్తోందని గమనించాను. గుండ్రటి నాబ్ తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంటు అలను ప్రతిసారీ మధ్యలో కోసి ఫ్యానుకు ఇస్తాయి; ఆ కోత వల్ల పుట్టే అలజడి ఇంటి వైరింగ్ అంతటా వ్యాపిస్తుంది. హాల్లోని రెగ్యులేటరును తీయించి, అంచెలంచెలుగా తిరిగే కెపాసిటర్ రకం పెట్టించాను, శబ్దం పోయింది. తిరుపతి ఎండల్లో ఫ్యాను ఆపి సంగీతం వినడం అయ్యే పని కాదు గనుక ఈ మార్పు తప్పనిసరి అయింది. ఇన్వర్టరు సంగతీ ఇలాంటిదే. కరెంటు పోయినప్పుడు పనిచేసే మా ఇన్వర్టరు చదరపు అలను ఇచ్చే పాత రకం. దాని మీద యాంప్లిఫయర్‌ను నడిపితే లోపలి ట్రాన్స్‌ఫార్మరే జుమ్మంటూ వేడెక్కుతుంది. కాబట్టి యాంప్లిఫయర్ ప్లగ్గును ఇన్వర్టరు లైను నుంచి తప్పించాను. కరెంటు పోతే సంగీతమూ ఆగుతుంది. అసలైన సైన్ వేవ్ ఇన్వర్టరు ఉన్నవారికి ఈ ఇబ్బంది ఉండదు.

కంప్యూటరు లోపల చేసిన మార్పులను క్లుప్తంగా చెబుతాను. విండోస్ సౌండ్ సెట్టింగులలో ఎన్‌హాన్స్‌మెంట్లు అనే పేరుతో ఉండే అలంకారాలన్నింటినీ తీసేశాను. చిన్న స్పీకర్ల లోపాన్ని కప్పిపుచ్చడానికి పెట్టిన ఆ మంద్రపు పెంపు, కృత్రిమ ప్రతిధ్వని పెద్ద స్పీకర్లలో గాత్రాన్ని మొద్దుబారుస్తాయి. కంప్యూటరు వాల్యూమును వంద శాతంలో ఉంచి, పెంచడం తగ్గించడం యాంప్లిఫయర్ వద్దే చేస్తున్నాను. అంకెల్లో ధ్వనిని తగ్గిస్తే ప్రతి 6 డెసిబెల్స్‌కూ ఒక బిట్ చొప్పున సూక్ష్మత పోతుంది. అవుట్‌పుట్‌ను 24 బిట్లకు పెడితే ఆ నష్టం పట్టించుకోనవసరం లేనంత తక్కువే గాని, నాబ్ చేతికి అందేలా ఉన్నప్పుడు అదే సుఖం. సీడీ సంగీతం సెకనుకు 44,100 కొలతలతో ఉంటుంది, విండోస్ దాన్ని తరచుగా 48,000కు మార్చి పంపుతుంది. ఫూబార్2000 అనే ప్లేయర్లో ఎక్స్‌క్లూజివ్ మోడ్ వాడితే ఆ మార్పు లేకుండా ఉన్నది ఉన్నట్టుగా డాక్‌కు చేరుతుంది. ఈ చివరిదాని వల్ల ధ్వనిలో తేడా నా చెవికి గాని, నా చెవి కంటే ఎంతో సూక్ష్మమైన అమ్మ చెవికి గాని అందలేదు. అయినా మోడ్‌ను అలాగే ఉంచాను, ఎందుకంటే కచేరీ మధ్యలో మెయిల్ వచ్చిందని టింగుమనే శబ్దం పెద్ద స్పీకర్లలో మోగకుండా అది ఆపుతుంది.

ఫైళ్ల విషయంలో మాత్రం తేడా చాలా స్పష్టంగా వినిపించింది. ఎప్పుడో స్థలం ఆదా కోసం 128 కిలోబిట్ల ఎంపీ3లుగా మార్చి పెట్టుకున్న కచేరీలు చిన్న స్పీకర్లలో బాగానే ఉండేవి. పెద్ద స్పీకర్లలో తాళాల మోత నీళ్లలో తడిసినట్టు జారిపోయి, తంబుర నాదం తెరలు తెరలుగా విరిగి వినిపించింది. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్ల సమాచారం ఉంటుంది; దాన్ని 128కి కుదించాలంటే పదింట తొమ్మిది వంతులు వదులుకోవలసిందే, ఏది వదలాలో నిర్ణయించే లెక్కకు తంబుర వంటి నిరంతర నాదం పెద్ద పరీక్ష. నా దగ్గరున్న సీడీలన్నింటినీ తిరిగి ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాముతో ఫ్లాక్ ఫైళ్లుగా తీసుకున్నాను. గీతలు పడిన చోట ఆ ప్రోగ్రాము మళ్లీ మళ్లీ చదివి సరిచూసుకుంటుంది. ఫ్లాక్ పద్ధతిలో పరిమాణం సగానికో, కొంచెం ఎక్కువకో తగ్గుతుంది గాని సమాచారంలో ఒక్క అంకె కూడా పోదు. ఎంపీ3ని ఫ్లాక్‌గా మారిస్తే మాత్రం లాభం లేదు, పోయినది తిరిగి రాదు.

స్పీకర్లు అంతవరకు షోకేసు పైన, మనిషి తలకంటే ఎత్తులో, గోడ మూలలకు ఆనించి ఉండేవి. మూలలో పెట్టిన స్పీకరులో మంద్రం అతిగా ఉబ్బుతుంది, మృదంగం నాదం గుబగుబలాడుతుంది. వాటిని దించి, చెవి ఎత్తుకు ట్వీటర్లు (తార ధ్వనిని పలికించే చిన్న స్పీకర్లు) వచ్చేలా గట్టి చెక్క స్టూళ్ల మీద, వెనక గోడకు అడుగున్నర దూరంలో పెట్టాను. రెండింటి మధ్య ఎంత దూరమో, వాటికీ మేము కూర్చునే చోటుకూ అంతే దూరం ఉండేలా చూసుకున్నాను. నునుపైన గచ్చు, ఖాళీ గోడలు, పైన కాంక్రీటు శ్లాబు ఉన్న మన ఇళ్లలో ప్రతిధ్వని ఎక్కువ; స్పీకర్లకూ మాకూ మధ్య నేల మీద జంపఖానా పరిస్తే తాళాల పదును తగ్గింది. స్పీకరు వైర్ల ధన, ఋణ కొసలు రెండు వైపులా ఒకేలా ఉన్నాయో లేదో పరీక్షించే పద్ధతిని మెకానిక్ చూపించారు: వైరును యాంప్లిఫయర్ నుంచి తీసి, దాని కొసలకు 1.5 వోల్టుల సెల్లును క్షణంపాటు తాకిస్తే ఊఫర్ కోన్ ముందుకు గాని వెనక్కు గాని కదులుతుంది. సెల్లు ధన కొసను ఎర్ర టెర్మినల్ వైపు తాకించినప్పుడు రెండు స్పీకర్లలోనూ ముందుకే కదలాలి. ఒకటి తిరగబడి ఉంటే మంద్రం పలచబడుతుంది, గాత్రం ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా చెదిరిపోతుంది. మావి సరిగానే ఉన్నాయి.

ఎడమ కుడి సరిచూసుకోవడానికి కచేరీలే ఉపయోగపడ్డాయి. వేదిక మీద గాయకులకు కుడి పక్కన మృదంగం, ఎడమ పక్కన వయొలిన్ ఉంటాయి, కాబట్టి ఎదురుగా కూర్చున్న శ్రోతకు మృదంగం ఎడమ నుంచి, వయొలిన్ కుడి నుంచి వినిపించాలి. రికార్డింగులన్నీ ఈ క్రమాన్ని పాటించవు కనుక విండోస్‌లోని స్పీకర్ టెస్టుతో కూడా నిర్ధారించుకున్నాను. స్టీరియోకు ముందు కాలపు మోనో రికార్డింగుల్లో అంతా సరిగ్గా నడుమ నుంచే, స్పీకర్లు లేని ఖాళీ చోటు నుంచి వినిపిస్తుంది. ఆ పాత రికార్డింగులకు గౌరవం ఇవ్వడానికి కూడా రెండు స్పీకర్లూ సమానంగా పనిచేయడం అవసరమని అప్పుడు నాకు అర్థమయింది.

డిన్ సాకెట్‌లోని 1, 4 పిన్నులు ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి. క్యాసెట్ డెక్కుకు కొత్త రబ్బరు బెల్టు వేసి మెకానిక్ తిరిగి నడిపించారు. కంప్యూటరు వెనక నీలిరంగు లైన్-ఇన్ సాకెట్లోకి తీగ కలిపితే ఇంట్లోని క్యాసెట్లను 24 బిట్లలో, అత్యంత గట్టి చోట కూడా గరిష్ఠానికి 6 డెసిబెల్స్ కింద ఉండేలా రికార్డు చేసుకోవచ్చు. కాని యాంప్లిఫయర్ టేప్ అవుట్ నుంచి తీగ వేస్తే, కాంతితో తెంచిన లూపు ఆ తీగ ద్వారా మళ్లీ ఏర్పడుతుంది. అందుకని డెక్కును యాంప్లిఫయర్‌కు కలపకుండా, దాని సొంత అవుట్‌పుట్ నుంచి నేరుగా కంప్యూటరులోకే ఇచ్చి, వినడం మాత్రం ఆప్టికల్ దారిలో వింటున్నాను. అమ్మ తన విద్యార్థి దశలో రికార్డు చేసుకున్న వీణ పాఠాల క్యాసెట్లతో ఆ పని మొదలుపెట్టాం.